నాలుగు కాటాలు

విజయనగరంలో రైలు గేటు పక్క రేకుల షెడ్డు.
నా కారు పొట్ట కింద పడుకుని ఉన్నాడు దాలినాయుడు.
కాళ్లే కనిపిస్తాయి, మాట మాత్రం మొత్తం వస్తుంది:
"ఈ స్ప్రింగులు మిమ్మల్ని ఊయల్లో ఏసి ఊపుతున్నాయి మేడమ్.
తొంగున్నోళ్లకి మంచివే.
తోలినోళ్లకి కావు."

రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు.
ఒళ్లంతా ఎరుపు, ఎడమ చెంప మాత్రం కొంచెం వేరే ఎరుపు.
ప్రమాదంలో పోయిందని బీమా కంపెనీ వదిలేస్తే వేలంలో కొన్నాను.
(సర్వే చేసింది నేను కాదు, అది గమనించాలి.)
ఇరవై ఏళ్లుగా విరిగిన బళ్లకు వెల కట్టడం నా ఉద్యోగం.
విరగని దాన్ని ఒక్కరోజు
దాని శక్తంతా వాడి చూడాలని ఆశ.
మద్రాసు అవతల ట్రాక్‌కి ఫీజు కట్టేశాను.

డ్యాంపర్లు పసుపు డబ్బాల్లో సారెలా దిగాయి.
బ్రేకు నూనె మారింది, త్వరగా మరగనిది.
కొత్త ప్యాడ్లు పొద్దున్నే పందిపిల్లల్లా కీచుమంటాయి.
హెల్మెట్ పట్టాలంటే ముడి విప్పి మెడ మీదికి దించాలి.
పలచటి అట్టల బూట్లు:
పెడల్ కింద ఏం జరుగుతోందో పాదానికి తెలియాలట.

గంటస్తంభం నుంచి కోట దాకా వెళ్లొచ్చాను.
ఊరు నా వెన్నులోకి ఎక్కింది.
మూసిన గొయ్యి, మూయని గొయ్యి,
మూసి మళ్లీ తవ్విన గొయ్యి,
మూడింటికీ మూడు రుచులు.
రోజూ తిరిగే రోడ్డే,
ఇప్పుడే పరిచయమైంది.

"ఇంకా పనుంది" అన్నాడు.
నాలుగు చక్రాల మీదా బరువు కుదరాలి.
ఆ యంత్రం హైదరాబాదులో ఉందట, అద్దె వేలల్లో.
గోగునార గోదాములో అడిగి
నాలుగు కాటాలు ఆటోలో వేసుకొచ్చాడు.
అంచులకు ఇంకా పీచు పట్టుకునే ఉంది.

నీటిమట్టం చూసి, అట్టముక్కలు సర్ది
చక్రాలు నాలుగూ వాటి మీదకి ఎక్కించాడు.
"ఇప్పుడు మీరు కూకోండి."
కూర్చున్నాను.
"డెబ్బయ్యొకటి పెరిగిందన్నా!" అని అరిచాడు కుర్రాడు ఢిల్లేసు.
గేటు దగ్గర ఆగిన బస్సంతా విన్నది.

ఎడమ ముందు, కుడి వెనక ఒక జత.
కుడి ముందు, ఎడమ వెనక ఒక జత.
మరలు ఎంత తిప్పినా లెక్క కుదరదు.
పొద్దు వాలాక కాటాల చోట్లు మార్చి చూశాడు.
తప్పు చక్రం దగ్గర ఆగలేదు,
కాటాతో పాటు నడిచింది.
ఢిల్లేసుని ఒక్కోదాని మీదా నిలబెట్టాడు.
మూడింటి మీద యాభై.
ఒకదాని మీద నలభై ఎనిమిదిన్నర.

దాలినాయుడు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.
మళ్లీ తుడుచుకున్నాడు.
"మా అయ్య ఈ గోదాంలోనే ఏసీవోడు.
ఇంటికాడ తూసింది అక్కడ తగ్గిపోయీది.
నారకి తడుంటాది కదరా,
దార్లో ఆరిపోనాది, అనీవోడు."

రైలు పోయింది. గేటు లేచింది.
నాకు నా రిపోర్టులు గుర్తొచ్చాయి:
తరుగు కింద కోసిన శాతాలు,
'ఇది పాత దెబ్బ' అని రాసిన నిబ్బరం,
కింద గుండ్రటి స్టాంపు.
అతనితో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

క్వింటాలుకి మూడు కిలోలు కలుపుకుని
మళ్లీ మొదట్నుంచి తిప్పాడు.
రాత్రి తొమ్మిదింటికి రెండు జతలూ సమానం.

ట్రాక్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు.
ఎనిమిది వందల కిలోమీటర్లు నడుపుకుంటూనే వెళ్లాను, నడుమే సాక్షి.
పద్దెనిమిది మందిలో పదహారోదాన్ని.
మూడో మలుపులో ఒకే ఒక్కసారి
నాలుగు టైర్లూ ఒకే మాట అన్నాయి.
తర్వాత వెనకవాళ్లకి దారిచ్చాను.

తిరిగొచ్చాక ఢిల్లేసు చెప్పాడు.
కాటాలు అప్పజెప్పే ముందు
ఆ ఒక్కదాని పళ్లెం మీద
నా కారు చెంపకి వాడగా మిగిలిన ఎరుపుతో
'100 = 97' అని రాశాడట దాలినాయుడు.
గోదాము వాళ్లు కిరసనాయిలు పోసి రుద్దుతున్నారట.

అది బండికేసే రంగు.
ఎండకీ వానకీ పదేళ్లు గ్యారంటీ.